వాషింగ్ మెషీను మీది ఇల్లు

మార్చి 2

స్క్రూడ్రైవరు పిల్లకి,

ఉత్తరం చూసి హడలిపోకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్‌లో గుంపులు నడిపే ఆ కంపెనీవాళ్ళ దృష్టిలోనే నేను లేను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో అయితే మొత్తం నువ్వే మాట్లాడతావు, నాకు ఊఁ కొట్టడమే సరిపోతుంది. ఉత్తరంలో నా వంతు నాకొస్తుంది. పైగా నువ్వు రెండేళ్ళ కిందట చుట్టాలందరి ముందూ శపథం పట్టావాయె, "ఆ కంపెనీ గడప తొక్కను, నాతో మాట్లాడాలంటే నేను కట్టుకున్న ఇంటికి రండి" అని. నీ ఇంటికి రావాలంటే ఎక్కడెక్కడో నొక్కాలి, ఏదేదో ఎంచుకోవాలి. అందుకని నాకు పోస్టే గతి.

నా దూది చెయ్యి గుర్తుందా? చూపులేని పిల్లలు లెక్కలు నేర్చుకోడానికి గుడ్డతో కుట్టింది. అయిదు వేళ్ళకీ అయిదు బొత్తాలు, వేలు విప్పొచ్చు, మళ్ళీ తగిలించొచ్చు. దాని ఫొటో, వేళ్ళతో తడిమి చదివే గుడ్డ పుస్తకాలు కుట్టుకునే మా తాకుడు పుస్తకాల గుంపులో పెట్టాను. తీసివేతలు ఎలా నేర్పాలో తెలియాలని మూడు వేళ్ళు విప్పి పక్కన పెట్టి మరీ తీశాను. కంపెనీవాళ్ళ మెషీను అది చూసి, ఎవరివో వేళ్ళు ఎవరో కోసేశారనుకుంది. "హింసాత్మక దృశ్యం" అని నా అకౌంట్‌కి తాళం వేసేసింది. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా చేసినదాన్ని, ఒక్కదాని చెవి కూడా మెలిపెట్టలేదు. (సరేలే, ఇద్దరివి మెలిపెట్టాను.) మొరపెట్టుకుంటే నిమిషంలో జవాబొచ్చింది, "మీ బాధ మాకు అర్థమైంది" అని. అంత తొందరగా నా బాధ మా ఆయనకి కూడా ఎప్పుడూ అర్థం కాలేదు.

నవ్వులాటకేం గానీ, ఒక విషయంలో మాత్రం బెంగగా ఉంది. గుంపులో ఒకాయన ఉన్నాడు, చెక్క మెట్లు చేసే వడ్రంగి, అందరం మెట్లాయన అంటాం. ఆయన కూతురికి ఆరేళ్ళు, పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఏప్రిల్ ఏడున మొదటిసారి బడికి వెళ్తుంది. ఇంటి గుమ్మం నుంచి బడి తలుపు దాకా దారంతా నేను పుస్తకంగా కుడుతున్నాను. గేటుకి జిప్పు, ఇనుప కమ్మీలకి గట్టి తాడు, కంకరకి పూసలు. పిల్ల రోజూ వేళ్ళతో ఆ దారి చదువుకుని, బడి తెరిచేనాటికి కంఠతా పట్టి, నాన్న చెయ్యి పట్టుకోకుండా నడవాలట. అది పిల్ల కోరిక. తొమ్మిది పేజీలయ్యాయి. మూలనున్న లైటు స్తంభం దగ్గర్నుంచి బడి తలుపు దాకా చివరి మూడు పేజీలకి కొలతలు ఆయన పంపాలి.

ఆయన పేరు నాకు తెలియదు. ఊరూ తెలియదు, ఫోన్ నెంబరూ తెలియదు. ఆరునెలలుగా రోజూ మాట్లాడుతున్న మనిషి, కంపెనీవాళ్ళ ఆ హాల్లో తప్ప నాకింకెక్కడా లేడు. ఇప్పుడు నేనే మాటిచ్చి మొహం చాటేశానని అనుకుంటున్నాడేమో. ఏం చెయ్యాలో చెప్పు.

నీ వార్డెనత్త

మార్చి 6

అత్తా,

ఒక్క నిమిషం ఆగు, నన్ను మనసారా నవ్వుకోనీ.

అయింది. ఇక నేను చెప్పానా లేదా? చెవిలో ఇల్లు కట్టుకుని పోరానా లేదా? "పోవే, ఊరంతా అక్కడే ఉంటే నీకొక్కదానికి ఏం తక్కువైంది" అన్నదెవరు? నువ్వే. సాక్షులున్నారు.

ఈ నూనె మరకకి ఏమీ అనుకోకు. పళ్ళ డాక్టరుగారి బిల్డింగులో రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టు నెత్తిన కూర్చుని రాస్తున్నాను. లోపల ఇద్దరు పేషెంట్లు ఉన్నారు. పన్ను పీకించుకోవడం తప్పినందుకు వాళ్ళు హాయిగానే ఉన్నారు, సహాయకుడు మోటారు గది తాళాలు తెచ్చేదాకా నాకూ పనిలేదు.

మళ్ళీ చెప్తాను, ఈసారైనా విను. కంపెనీది ఒకటే హాలు, ఒకటే తాళం. నేనుండేచోట అలా కాదు. వేల ఇళ్ళు, అంటే ఎవరి సర్వరు వాళ్ళదే, ఇంటికో ఓనరు. ఏ ఇంట్లో దిగినా మిగతా ఇళ్ళవాళ్ళందరితో మాట్లాడొచ్చు. మనం ఏ పోస్టాఫీసులో ఉత్తరం వేసినా ఇంకో ఊరి పోస్టాఫీసు పుచ్చుకుంటుంది చూడు, అలాగ. ఓనరు నచ్చకపోతే సామాను సర్దుకుని ఇంకో ఇంటికి పోవచ్చు. దూది వేళ్ళని చూసి జడుసుకునే మెషీన్లు ఉండవు.

మంచివనిపించిన నాలుగు ఇళ్ళ చిరునామాలు వెనక రాశాను. అయిదోది నాది. నిదానంగా చూసుకుని ఎంచుకో, బలవంతమేం లేదు.

లిఫ్టు కదిలింది. పేషెంట్లు ఏడుపు మొహాలతో పైకి పోతున్నారు.

నీ మేనకోడలు

మార్చి 11

పిల్లా,

ఇళ్ళు వెతకడం నాకు కొత్తటే? జాబితాలో ఉన్న ఓనర్లందరికీ ఈమెయిల్లో అయిదేసి ప్రశ్నలు పంపాను. తలుపు తడితే పలికేది మనిషా, మెషీనా? నీకు జ్వరమొస్తే రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? ఇల్లు మూసేస్తే ఎన్నాళ్ళ ముందు చెప్తావు? పోయేటప్పుడు నా సామాను నన్ను పట్టుకెళ్ళనిస్తావా? అల్లరి చేసేవాళ్ళని ఏం చేస్తావు?

మొదటాయన పదకొండు పేజీల నియమాలు పంపాడు. హాస్టల్లో నేను పెట్టినవి ఎనిమిదే, అవే ఎవరూ పాటించలేదు. రెండో ఇంట్లో అందరూ ఓనర్లేనట. ఏం చేసినా ఓటేసుకుని చేస్తారట, నా ప్రశ్నలకి జవాబివ్వాలా వద్దా అన్నదాని మీద వచ్చేనెల్లో ఓటింగు ఉందట. మూడో ఇంటావిడ మాట మన్నన ఉన్న మనిషి, కానీ ఇల్లు నిండిపోయిందట. నాలుగో ఆయన ఒక బొటనవేలి బొమ్మ పంపాడు, అంతే. వేళ్ళ వల్లే నా కొంప మునిగిందని పాపం ఆయనకేం తెలుసు.

నువ్వు మాత్రం ఇంకా జవాబివ్వలేదు. మేనకోడలివని మినహాయింపు లేదు, నువ్వూ రాయాల్సిందే.

ఈలోగా చేతులు కట్టుకుని కూర్చోలేక పక్కింటి డ్రాయింగు టీచరు సాయంతో కంపెనీలోనే ఇంకో అకౌంట్ తెరిచాను. పేరు "కత్తెర". ఇంకా ఇరవై ఏడు రోజులే ఉన్నాయి మరి. మెట్లాయన్ని వెతుకుతున్నాను. నీకు కోపమొస్తుందని తెలుసు, అయినా చెప్పడం నా ధర్మం.

అత్త

మార్చి 15

అత్తా,

నీ ప్రశ్నలకి జవాబులు.

తలుపు తడితే నేనే పలుకుతాను, లిఫ్టు నెత్తిన లేకపోతే. జ్వరమొస్తే తాళం నా దగ్గరే ఉంటుంది, దాని పక్కనే నేనూ పడి ఉంటాను. రెండో తాళంచెవి లేదు. ఇల్లు మూసేస్తే చెప్పడానికి ఎవరైనా ఉండాలిగా. సామాను ఎవరిదైనా వాళ్ళు పట్టుకెళ్ళొచ్చు. అల్లరి చేసేవాళ్ళు ఎవరైనా వస్తే బాగుండునని ఎదురుచూస్తున్నాను, కాస్త సందడిగా ఉంటుంది.

నా సర్వరు బాత్రూములో వాషింగ్ మెషీను పైనున్న అలమరలో ఉంటుంది. బట్టలు పిండేటప్పుడు అదీ ఊగుతుంది. మన వాళ్ళందరి కోసమని పెద్దదే పెట్టాను. రెండేళ్ళలో చేరింది ఇద్దరు. ఒకదాన్ని నేను. రెండోది "స్టెప్నీ" అని ఎవరో. మొదటిరోజే చేరి ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు, బహుశా మనిషి కూడా కాదు. పోయిన నెల రెండు రోజులు సర్వరు పడిపోయింది. ఒక్కరైనా గమనించారా? నాన్న మాత్రం ఆ సాయంత్రం ఫోన్ చేసి "ఇంట్లో అంతా బాగేనా" అని అడిగి పెట్టేశాడు. దానికీ దీనికీ సంబంధం లేదనుకో, నాన్నకి తన ఫోన్ మోగకుండా చెయ్యడమే ఇప్పటికీ రాదు.

నా ఇల్లు జాబితాలో అయిదోదిగా రాశానంటే మర్యాదకి రాశాను. నువ్వు నేరుగా నా దగ్గరికే వస్తావనుకున్నాను. నువ్వేమో ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ పరీక్ష పెట్టి, చివరికి ఆ హాల్లోకే దొడ్డిదారిన దూరావు. కానియ్యి. నీ ఇష్టం.

ఉంటాను

మార్చి 18

మూతి ముడుచుకున్న పిల్లకి,

తప్పయిపోయింది. రాసి ఇస్తున్నాను, పటం కట్టించుకో. హాస్టల్లో ముప్ఫై ఏళ్ళలో ఈ మాట ఎవరికీ అనలేదు.

కానీ ఒకటి విను. నేను వెళ్ళింది హాలు మీద ప్రేమతో కాదు. నా మనుషులు అక్కడున్నారు, ఏం చెయ్యను? ఎవరైనా ఒక చోటికి గోడలు చూసి వెళ్తారటే? నువ్వు రెండేళ్ళుగా నాకు నీ గోడల గురించే చెప్పావు. ఆ ఇంట్లో నువ్వొక్కదానివే కూర్చున్నావని ఒక్కసారైనా చెప్పావా? చెప్పుంటే నడుంనొప్పితోనైనా వచ్చేదాన్ని.

ఇంకో సంగతి, నవ్వుకో. మెట్లాయన దొరక్కముందే "కత్తెర"కీ తాళం పడింది. "నువ్వు నిజంగా వార్డెనువేనా" అని గుంపులో ఒకరు అనుమానపడితే, రుజువుకని దూది చెయ్యి ఫొటో పెట్టాను. అదే ఫొటో. మూడు వేళ్ళు విప్పిందే. డ్రాయింగు టీచరు తల పట్టుకున్నాడు.

తాళం పడ్డాక బుద్ధొచ్చి చేసిన మంచిపని ఒక్కటే. బొత్తాలావిడ తెలుసుగా, పాత బొత్తాలన్నీ పోగేసి మాకు పంపే ఆవిడ. ఆవిడ పార్సెల్ కాగితాలు నేను పారెయ్యను, అందుకని గుంపు మొత్తంలో ఆవిడ ఒక్కదాని చిరునామా, ఫోన్ నెంబరు నా దగ్గరున్నాయి. ఫోన్ చేశాను, ఆవిడ ఇంకా హాల్లోనే ఉంది. వార్డెను ఎక్కడుందో చెప్పమంటే ఒక్కొక్కరి చెవిలో వేస్తానంది. ఎక్కడుందని చెప్పమనాలి మరి? నాకో ఇల్లు కావాలి.

ఆ నాలుగిళ్ళూ నీ ఇంటికంటే పెద్దవి, శుభ్రమైనవి, అవేవీ బట్టలుతికేటప్పుడు ఊగవు. కానీ రెండో తాళంచెవి లేదని ఉన్నదున్నట్టు ఒప్పుకున్న ఓనరువి నువ్వొక్కదానివే. నీ ఇంట్లోనే దిగుతాను. షరతులు రెండు. వారానికోసారి మా సామానంతా నకలు తీసి వేరేచోట పెట్టాలి. రెండో తాళంచెవి ఎవరికైనా ఇవ్వాలి.

మెట్లాయన దొరక్కపోతే ఆ పిల్ల దారి మూల దాకా వచ్చి నా కుట్టు పెట్టెలోనే ఆగిపోతుంది. నాకు వేరే బెంగేం లేదు.

అత్త

మార్చి 24

అత్తా,

వచ్చేశారు! ఇల్లు కిటకిటలాడుతోంది. నాకు కాళ్ళు భూమ్మీద నిలవడం లేదు.

బొత్తాలావిడ ఒక్కొక్కరికీ విడివిడిగా ఏం చెప్పిందో గానీ నాలుగు రోజుల్లో ముప్ఫై ఒక్క మంది. ఎవరూ నా గొప్పలు చదివి రాలేదు, "వార్డెనమ్మ ఇక్కడే ఉన్నారా" అని అడుగుతూ వచ్చారు. ఒకాయన తన పాస్‌వర్డ్ అందరికీ కనపడేలా రాసి "ఇదేనా" అని అడిగాడు. ఇంకొకావిడ చేరి, భయమేసి వెళ్ళిపోయి, మళ్ళీ చేరింది. తక్కినవాళ్ళు నూట ఎనభై మంది దాకా హాల్లోనే ఉంటామన్నారట, పిల్లల ఫొటోలు, చుట్టాలు అన్నీ అక్కడే ఉన్నాయని. మునుపైతే వాళ్ళని తిట్టిపోసేదాన్ని. ఇప్పుడు తిట్టబుద్ధి కాలేదు.

ఇవాళ పొద్దున మెట్లాయన వచ్చాడు. నువ్వూ చూసే ఉంటావు. నీమీద కోపమేం లేదు ఆయనకి, నీకేమైనా అయిందేమోనని భయపడ్డాడట. మూల దగ్గర రోడ్డు తవ్వేశారట, ఎల్లుండి పిల్లని తీసుకెళ్ళి అడుగులు లెక్కపెట్టి చివరి మూడు పేజీలకీ కొలతలు పెడతానన్నాడు.

నకలు తీస్తున్నాను. రెండో తాళంచెవి మాత్రం ఎవరికివ్వను? ఇక్కడ నాకు తెలిసినవాళ్ళంతా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళే. కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది, ఇంతమందిని చూసిన సంతోషానికి కాబోలు.

నీ ఇంటి ఓనరు

మార్చి 27, పొద్దున

ఏమే,

నిన్న పొద్దున్నుంచి నీ ఇల్లు మూసుంది. ఎంత తట్టినా తెరుచుకోదు. నీకు ఏడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తవు. మీ నాన్నకి చేస్తే వాడూ ఎత్తడు. తండ్రీకూతుళ్ళిద్దరూ కూడబలుక్కున్నారా?

నిన్ననే మెట్లాయన కొలతలు పెడతానన్న రోజు. ఆయన చిరునామా ఇంకా అడగలేదు నేను. పుస్తకం అయ్యాక అడుగుదాంలే అనుకున్నాను, నా బుద్ధిని చెప్పుచ్చుకు కొట్టాలి. మూడు పేజీలు కుట్టడానికి నాలుగు రోజులు, పార్సెల్ చేరడానికి మూడు. ఒకరోజు ఆలస్యమైతే పిల్ల దారి నేర్చుకునే రోజుల్లో ఒకటి పోతుంది. ఒకసారి నన్ను వెతుక్కుంటూ వచ్చిన మనిషి రెండోసారి కూడా వస్తాడా?

జ్వరమొస్తే తాళం ఎవరి దగ్గరని అడిగితే వేళాకోళం చేశావు. ఇంకా నామీద అలకేనా ఇది? అలిగితే నామీద అలుగు, ఆ పసిదానిమీద కాదు.

అలక కాకపోతే, నీకేమైంది? ఒక్క ముక్క రాయి. నాకు ముద్ద దిగడం లేదు.

అత్త

మార్చి 29

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇల్లు తెరుచుకుందనీ, మెట్లాయన కొలతలు మొన్న సాయంత్రమే నీకు చేరాయనీ తెలుసు. అక్కడే చెప్పొచ్చు గానీ, ఇది ముప్ఫై ఒక్క మంది ముందు రాసే సంగతి కాదు.

అలక కాదు అత్తా, జ్వరం. అచ్చం నువ్వు అడిగిన జ్వరమే. నూట మూడు. మాసిన బట్టలు మెషీనులో వేసి వచ్చి మంచమెక్కానంతే, మళ్ళీ లేవలేదు. మెషీను ఊగి ఊగి సర్వరు ప్లగ్గు ఊడగొట్టింది. ఫోన్ ఎక్కడ మోగుతోందో కూడా తెలియలేదు.

మొన్న మధ్యాహ్నం ఎవరో తలుపు దబదబా బాదారు. గోడ పట్టుకుని వెళ్ళి తీస్తే ఎదురుగా నాన్న. ఆరు గంటలు బస్సులో వచ్చాడు, ఆ మోతలో నీ ఫోన్ వినపడలేదట. నా నుదురు మీద చెయ్యి పెట్టి, నేరుగా బాత్రూములోకి వెళ్ళి అలమర వెనక తడిమాడు. "బస్సు స్టార్టవకపోతే ముందు ఏ తీగ ఊడిందో చూడాలమ్మా" అని ప్లగ్గు పెట్టాడు. తన ఫోన్ తీసి చూసుకుని "ఆఁ, వచ్చింది" అన్నాడు.

నాన్న ఫోన్‌లో నా ఇల్లు తెరిచి ఉంది. పైన పేరు స్టెప్నీ.

ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి ఇంకేం పేరు పెట్టుకుంటాడు, నా మట్టిబుర్రకి తట్టలేదు. రెండేళ్ళుగా రోజూ చదువుతున్నాడట. ఎవరూ లేరు కదా అని నేనక్కడ ఏవేవో రాసుకునేదాన్ని. మొదటిసారి లిఫ్టు గోతిలో వేలాడినప్పుడు కాళ్ళు వణికాయని, ఒక్కదాన్నే తినాలంటే వండబుద్ధి కాదని. "ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంటే, "చదివేది నేనని తెలిస్తే రాయడం మానేస్తావు. నీ సంగతులు నాకెలా తెలుస్తాయి?" అన్నాడు. నేను ఏడ్చాను. జ్వరం వల్లనే అని చెప్పాను, నమ్మినట్టు నటించాడు.

పోయిన నెల ఇల్లు పడిపోయిన సాయంత్రం ఫోన్ ఎందుకు చేశాడో ఇప్పుడు తెలిసింది.

రెండో తాళంచెవి ఇచ్చేశాను అత్తా. సర్వరు పాస్‌వర్డ్ రాసిన కాగితం జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. నువ్వు కుట్టు పని చూసుకో.

నీ పిల్ల

ఏప్రిల్ 10

తల్లీ,

ఒంట్లో ఎలా ఉంది? మీ నాన్న కాచే గంజి తాగావంటే నీకు చాలా ఓపికే వచ్చిందన్నమాట.

ముందు చిన్న కబురు. కంపెనీవాళ్ళు నా పాత తాళం తీసేశారు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒకే ఒక ముక్క, ఎందుకు వేశారో ఎందుకు తీశారో లేదు. వెళ్ళి చూశాను. నూట ఎనభై మందీ అలాగే ఉన్నారు, నన్ను చూసి సంబరపడిపోయారు. వాళ్ళని వదిలెయ్యను, నువ్వు పళ్ళు నూరినా సరే. రోజూ పొద్దున్న ఒక గంట అక్కడ కూర్చుంటాను. రాగలిగినవాళ్ళని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని నీ ఇంటికి తీసుకొస్తాను, రాలేనివాళ్ళతో అక్కడే మాట్లాడతాను. ఇకనుంచి కొత్తవాళ్ళెవరు చేరినా ముందు పోస్టు చిరునామా రాయించుకుంటున్నాను, నోటుపుస్తకంలో, పెన్నుతో. మిగతా రోజంతా నా బస నీ వాషింగ్ మెషీను మీదే. దాన్ని మీ నాన్న రెండు అడుగులు పక్కకి జరిపాడటగా.

ఇంకోటి. నేను ఓనర్లని అడిగిన అయిదు ప్రశ్నల్లో ఒకటి తప్పు. తాళం ఎవరి దగ్గరుంది అని కాదు, తలుపు మూసుంటే ముందు ఎవరు గమనిస్తారు అని అడగాల్సింది. నీ ఇంటికి ఆ మనిషి మొదటిరోజు నుంచీ ఉన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. పుస్తకం నాలుగో తారీఖున చేరింది. మెట్లాయన రాసింది నువ్వూ చదివే ఉంటావు, అయినా నా చేత్తో నీకు రాయాలనుంది. ఏడో తారీఖు పొద్దున పిల్ల పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మం దిగిందట. ఆయన నాలుగడుగులు వెనక, చేతులు జేబుల్లో పెట్టుకుని. పెట్టుకోకపోతే అవి ఆగవట. గేటు, కమ్మీలు, కంకర, అన్నీ దాటింది. మూల మీద లైటు స్తంభం పట్టుకుని ఆగింది. అక్కడ తవ్విన రోడ్డుకి నేను గోనెగుడ్డ ముడతలు ముడతలుగా కుట్టాను. పుస్తకం తీసి ఆ పేజీ ఒకసారి తడుముకుంది. ఈయన జేబులోంచి చెయ్యి సగం తీశాడట.

పిల్ల వెనక్కి తిరిగి, "నాన్నా, ఇక్కడ తవ్వారు. చూసుకుని రా" అందట.

మీ అత్త